గోడలు వాసన చూసే నర్సమ్మ

నర్సమ్మ పోయిందని మొన్న, మేము సెలవుల నుంచి తిరిగొచ్చిన పొద్దున, నంద్యాల కూరగాయల మార్కెట్లో ఆమె పక్కింటావిడ చెప్పింది. "నిద్దట్లోనే పోయిందంట" అంది. నాకు అయ్యో అనడం కూడా సరిగా రాలేదు. "ఏ గోడ పక్కన పండుకునింది?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి మళ్లీ వంకాయలు ఏరుకోవడంలో పడింది.

తప్పు నాది కాదు. పదేళ్లు ఆ మనిషి ఉన్న వీధిలో కాపురం చేస్తే ఎవరి బుర్రయినా అట్లాగే తయారవుతుంది. ఆమె ఏ ఊళ్లో పుట్టిందో, పెళ్లి ఎప్పుడయిందో, అయితే ఆ మనిషి ఏమయ్యాడో నాకు తెలియదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిందనీ, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూచుంటుందనీ మాత్రం తెలుసు. మిగతాదంతా ముక్కే.

మేము ఆ వీధిలోకి దిగింది డెబ్బయ్యో దశకం చివర్లో. మా ఆయనకు కరెంటాఫీసులో పని, నాకు ప్రైమరీ బడిలో టీచరుద్యోగం. పాపకు అప్పుడు రెండున్నరేళ్లు. పాలు పొంగించి నాలుగు రోజులు కాలేదు, తెల్లచీర కట్టుకుని చేతిలో నల్ల గొడుగుతో ఒక ముసలామె గడప దాటి లోపలికి వచ్చేసింది. ఎవరు మీరని నేను అడిగేలోపే నడింట్లో నిలబడి కళ్లు మూసుకుంది. ప్రార్థన చేస్తోందేమో అనుకుని నేనూ మర్యాదగా నిలబడ్డాను. ఆమె వాసన చూస్తోంది.

"ఎవురికి దగ్గు?" అంది కళ్లు తెరవకుండానే.

"మా పాపకు. అప్పుడప్పుడూ."

"అప్పుడప్పుడంటే? ఎప్పుడెప్పుడు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. గొడుగు మొనతో గోడ వెంట కొట్టుకుంటూ పోయింది. ఒకచోట గట్టిగా మోగిన గోడ, కిటికీ పక్కకు వచ్చేసరికి దబ్బుమంది. సరిగ్గా అక్కడే మేము కొత్త క్యాలెండరు తగిలించాం. దాన్ని పైకెత్తింది. వెనక రెండు అరచేతుల మేర గోడ నల్లబడి, ఊరగాయ జాడీ మూతకు పట్టినట్టు బూజు పట్టి ఉంది. నిజం చెప్పాలంటే అది కనబడకూడదనే క్యాలెండరు అక్కడ తగిలించింది.

"క్యాలెండరు బాగుండాదమ్మా. ఇంకో నాలుగు కొనుక్కో, ఇల్లంతా కప్పొచ్చు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అద్దె కట్టేది మేము, సున్నం కొట్టించాల్సింది ఇంటాయన, మధ్యలో ఈమె ఎవరు? అయినా సాయంత్రానికి మా ఆయన చేత ఆ గోడ గీకించాను. మర్నాడు ఆమె వచ్చి చూసి, మంచిదని ఒక్క మాట అనకుండా మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి పోయింది. మా ఆయన వచ్చి దాన్ని మళ్లీ గోడకు నెట్టాడు. ఆమె మళ్లీ జరిపింది. ఆ మంచం అట్లా ఎన్ని నెలలు నడిచిందో లెక్కలేదు.

ఆమె అందరిళ్లలోనూ ఇంతే. వీధిలో ఎవరో కొత్త ఇల్లు కట్టుకుని, గచ్చు ఇంకా ఆరకముందే గోడలకు నడుమెత్తున పచ్చ ఆయిల్ పెయింటు వేయించి, గృహప్రవేశానికి అందరినీ పిలిచారు. అందరూ రంగు బాగుంది, బండలు బాగున్నాయి అంటుంటే ఈమె గోడకు చెంప ఆనించి, "తడిబట్ట మింద కోటు తొడిగినట్టుండాది నాయనా. లోపల కుళ్లిపోతాది. ఆర్నెల్లు ముసలోళ్లను, పసిబిడ్డల్ను ఈడ పండబెట్టాకండి" అంది. ఆ ఇంటాయన మొహం చూడాలి. ఇంకోసారి ఎవరింట్లోనో ప్రార్థన కూటంలో అందరూ కళ్లు మూసుకుని ఉంటే కర్రుమని చప్పుడయిందట. పాస్టరుగారు ఆమెన్ అనేసరికి బీరువా గది మధ్యలో ఉంది, నర్సమ్మ దాని వెనక ఉంది.

"మీకెందుకు నర్సమ్మా ఊరి గోడలన్నీ?" అని ఒకసారి అడిగేశాను.

"కంటితో చూసేదానికి మీరందరూ ఉండారు. ముక్కుతో చూసేదానికి నేనొక్కదాన్నే ఉండా" అంది. తర్వాత కొంచెం తగ్గి, "ఆ నల్లది ఊరికే గోడ మింద ఉండదమ్మే. దుమ్ము మాదిరి లేస్తాది. పిల్లోళ్లు పీలుస్తారు. రొమ్ము పట్టుకుంటాది. మా పెద్ద డాక్టరమ్మ చెప్తాండె. సూదులేసి ఇంటికి పంపుతాంటిమి, నెల తిరక్కుండా మళ్లా తెస్తాండ్రి. ఆ ఇండ్లు చూసే దిక్కెవురు?" అంది.

ఇంతవరకైతే భరించొచ్చు. రొట్టె ముక్కల సంగతి చెప్తే మీకూ విసుగొస్తుంది.

మా వైపు జొన్నరొట్టెను పలచగా కొట్టి, కాల్చి, ఎండబెట్టి దాచుకుంటారు. పొడి చోట ఉంటే నెలయినా అప్పడంలా కరకరలాడుతుంది. ఈమె ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఆ ముక్కలుండేవి. ఎవరింట్లోనైనా ముక్కుకు అనుమానం తగిలి, కంటికి మచ్చ కనబడకపోతే, ఒక్కో మూల ఒక్కో ముక్కను దారం కట్టి మేకుకు వేలాడదీసేది. చీమలు పట్టకుండా, ఎలుకలకు అందకుండా. మూడో రోజొకసారి, అయిదో రోజొకసారి వచ్చి విరిచి చూసేది. పటుక్కుమంటే ఆ మూల మంచిది. మెత్తబడి వంగినా, నూగు పట్టినా, ఆ మూలలో సామాను మొత్తం వీధిలోకి రావలసిందే.

"ఇదెవరు నేర్పారు మీకు? డాక్టరమ్మేనా?"

"డాక్టరమ్మకు రొట్టెలేం తెలుసు? మాయమ్మ. కోయిలకుంట్ల పక్కకు శనగ పీకేదానికి మూట కట్టుకోని పోతాంటిమి. ఒకరి కొట్టంలో దించితే రొట్టె నెలుంటాండె. ఇంకొకరి కొట్టంలో మూడు దినాలకే బూజు. ఆ కొట్టంలో పండుకున్నోళ్లందరికీ దగ్గు."

చుట్టాలొస్తే మా ఇంట్లో ఈ రొట్టె ముక్కలు చూసి దిష్టికా అని అడిగేవారు. ఎదురింటావిడ ఏమనుకుందో, ఒకనాడు చూస్తే వాళ్ల గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయల మధ్య జొన్నరొట్టె ముక్క వేలాడుతోంది. "మీ పాపకు దగ్గు తగ్గిందంట కదా" అంది. నర్సమ్మకు ఆ సంగతి తెలిసి, నిమ్మకాయ తీయించలేదు గానీ, రొట్టె ముక్కను విరిచి మాత్రం చూసింది. "గుమ్మం బాగుండాది. లోపలికి పదా" అంది.

పాపకు దగ్గు తగ్గిన మాట సగమే నిజం. నంద్యాల ఇంట్లో గోడలన్నీ గీకి, సున్నం కొట్టి, మంచం జరిపాక ఇక్కడ బాగానే ఉండేది. అయినా నెలకు రెండుసార్లు పిల్లికూతలు తప్పేవి కాదు. ఊపిరి తీస్తే గొంతులో ఈలలు, పక్కటెముకలు లోపలికి పోవడం. గుండెల మీద రాయి పెట్టుకున్నట్టుండేది నాకు. నర్సమ్మ తన డైరీలో పాపకు దగ్గు వచ్చిన రోజులన్నీ పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. నేను కన్నతల్లిని, నాకు లేదు ఆ బుద్ధి. ఒక సోమవారం ఆ డైరీ పట్టుకుని బడికే వచ్చేసింది.

"మీరు ఆళ్లగడ్డ పోతాండేది ఎప్పుడెప్పుడు?"

"రెండు వారాలకొకసారి. శనివారం పోయి ఆదివారం వస్తాం."

"చూడు. ప్రతి తూరీ సోమారం. ఉండాది ఆడ, మీ అత్తగారింట్లో."

ఆళ్లగడ్డలో మా అత్తగారిది పెద్ద మిద్దె. మందపాటి రాతిగోడలు, తరాల నాటి భూములు, ఎప్పుడూ పది మంది భోజనం చేసే ఇల్లు. ఆ ఇంట్లో బూజు ఉందని నేను పోయి చెప్పాలా? నవ్వి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. దీపావళి సెలవులకు మేము ఆళ్లగడ్డలో ఉంటే, రెండో రోజు పొద్దున బస్సు దిగి, గొడుగూ చేతిసంచీతో ఇంటి ముందర ప్రత్యక్షమైంది. పిలవలేదు, చెప్పలేదు. ఇంటినిండా చుట్టాలు.

మా అత్త చెడ్డ మనిషి కాదు. ఎవరొచ్చినా ఆకలితో పంపదు. కానీ ఆమెను పంచలోనే కూచోబెట్టింది. మిగతా అందరికీ స్టీలు ప్లేట్లలో ఉగ్గాని, ఆమెకు విస్తరాకులో. తాగడానికి నీళ్లు పైనుంచి చేతుల్లో పోసింది. నర్సమ్మ దోసిలి పట్టి తాగింది. నేను తలుపు పక్కన నిలబడి నా కాలి వేళ్లు చూసుకున్నాను. ఆ ఇంట్లో క్రైస్తవులకు అది మామూలే, నేను కోడలినై వచ్చాక ఒక్కరోజు కూడా వద్దని అనలేదు.

"అమ్మా, బిడ్డ పండుకునే గది ఒక్కసారి చూసి పోతా" అంది నర్సమ్మ.

"దేవునిల్లు దాటుకోని పోవాల ఆ గదికి. యాడ కుదురుతాది?" అంది అత్త. "అయినా ఏముండాదని చూస్తావ్? పోయినేడే సున్నం కొట్టిస్తిమి. రాతిగోడ చలువ తగిలి బిడ్డకు దగ్గొస్తాదని నా చేత్తో కుట్టిన బొంత కట్టిచ్చినా గోడకు. మీ మామ పంచెలు, నా పెండ్లి చీరెలు. ఇంకేం చేయాల?" చివరి మాటలు నా వైపు తిరిగి అంది.

నర్సమ్మ ముక్కు ఎగరేసింది. "ఆ గోడకు అవతల ఏముండాదమ్మా?"

"నీళ్ల తొట్టి. బోరు వేసినాక కట్టినాం."

ఆమె సంచిలోంచి నాలుగు రొట్టె ముక్కలు తీసి, దారాలతో సహా నా చేతిలో పెట్టింది. "నన్ను పోనీరు. నువ్వు పెట్టు. ఒకటి బొంత ఎనక పెట్టు. అయిదు దినాలుండి తీసుకురా" అంది. మా తోడికోడళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఎవరో, "ఏందే మీ నర్సమ్మ, ఎంగిలి రొట్టెలు మేకులకు కడతాదంట" అన్నారు. అత్త మొహం గంటు పెట్టుకుంది. నాకు నర్సమ్మ మీద పుట్టెడు కోపం వచ్చింది. నా పరువంతా ఈ ముసల్ది పంచలో పరిచి పోయింది కదా అనిపించింది. ఆమె బస్సెక్కిందని తెలిశాక దొడ్లోకి పోయి నాలుగు ముక్కలూ బర్రె ముందర పడేశాను.

నంద్యాల రాగానే ఆమె వాకిట్లోనే ఉంది.

"ఏమాయె?"

"ఏం పట్టలేదు నర్సమ్మా. నాలుగూ కరకరలాడుతున్నాయి" అన్నాను.

"బొంత ఎనకది?"

"అది కూడా."

ఇంకో మాట అడుగుతుంది, ఏవీ చూపించమంటుంది అనుకున్నాను. అడగలేదు. మనుషుల మాట ఎప్పుడూ నమ్మని మనిషి, రొట్టె మాట కాబట్టి నమ్మింది. గొడుగు మీద చేయి పెట్టుకుని, "అట్లయితే నా ముక్కుదే తప్పు. ముసల్దాన్నయితి. మీ అత్తమ్మకు చెప్పు, ఏమీ అనుకోవద్దని" అంది.

ఆ రోజు నుంచి ఆమె ఎవరింటికీ పోలేదు. వీధిలో బీరువాలు వాటి చోట అవి ఉన్నాయి. పెళ్లిళ్లు, ప్రార్థనలు సజావుగా జరిగాయి. హాయిగా ఉందని నేనే నలుగురితో అన్నాను. పాపకు మాత్రం సోమవారం పిల్లికూతలు వస్తూనే ఉన్నాయి. నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ ఆ బొంత ఎత్తి చూడాలంటే ముందు నేను అబద్ధం చెప్పిన సంగతి ఎదురవుతుంది. దాన్ని ఎదుర్కోవడం కంటే డాక్టరును మార్చడం సులువనిపించింది. ఇద్దరు డాక్టర్లను మార్చాను. జామకాయ మాన్పించాను, పెరుగు మాన్పించాను. ఒక పెద్దాయన చెప్పాడని పిల్ల చేతికి తాయెత్తు కూడా కట్టించాను. చదువుకున్నదాన్ని, పదిమంది పిల్లలకు చదువు చెప్పేదాన్ని, నన్ను చూస్తే నాకే కోపం వస్తుంది ఇప్పుడు.

మరుసటి ఏడు దసరా సెలవులకు ఆళ్లగడ్డలో ఉన్నాం. వారమంతా ముసురు. ఒక పొద్దున పాప లేచి కూచుంది గానీ మాట రాలేదు. పెదాలు నీలంగా తిరిగాయి. ఎక్కిళ్లు పెట్టినట్టు ఊపిరి. మా ఆయన పక్కింటి వాళ్ల జీపు కోసం పరుగెత్తాడు. అత్త, "చలిగాలి తగులుతాది బిడ్డకు, కప్పండి, కప్పండి" అంటూ గోడకు కట్టిన బొంతను రెండు చేతులా పట్టి లాగింది. మేకులు ఊడి బొంత చేతిలోకి వచ్చింది.

గోడ కనబడింది. నేల నుంచి నా భుజం ఎత్తు దాకా నల్లగా, ఆకుపచ్చగా, చేయి వేస్తే ఊడి వచ్చేట్టు ఉంది. బొంత వెనక వైపు కూడా అంతే. మామయ్య పంచెల తెలుపు ఎక్కడా లేదు. దాంట్లోంచి లేచిన వాసనకు నాకే దగ్గొచ్చింది. అత్త అప్పటికే దాన్ని పాప భుజాల మీదికి తెస్తోంది.

"వద్దత్తా!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తింది అదే మొదటిసారి.

అత్త బొంతను చూసుకుంది, గోడను చూసింది. "నా చేతులతోనే కట్టినానే అమ్మీ" అంటూ అక్కడే చతికిలబడింది. నేను పాపను నా చీరకొంగులో చుట్టుకుని జీపెక్కాను. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా ఆ పిల్ల ఊపిరి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

పాప బతికింది. ఇప్పుడు ఏడో తరగతి, పరుగు పందెంలో ఎప్పుడూ చివర వస్తుంది గానీ పరిగెత్తుతుంది. అత్త ఆ వారంలోనే తొట్టి పగలగొట్టించి, గోడ గీకించి, ఆ గదికి కొత్తగా కిటికీ పెట్టించింది. బొంతను తనే కాల్చిందట.

ఆసుపత్రిలో మూడో రోజు మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. పాప పడుకుని ఉంది. ఆమె వంగి పాప వీపుకు చెవి ఆనించి విని, తల ఊపి, బల్ల మీద కూచుంది. ఇంక నేను దాచుకోలేకపోయాను. "నర్సమ్మా, ఆ రోజు నేను రొట్టె పెట్టలేదు. అబద్ధం చెప్పాను" అన్నాను. బొంత సంగతి, గోడ సంగతి అంతా చెప్పేశాను. ఏడుపు ఆగలేదు.

ఆమె చేతిసంచిని ఒళ్లోంచి దించి కింద పెట్టింది.

"యాడేసినావ్ రొట్టెను?"

"బర్రెకు."

"తినిందా?"

"తినింది."

పాప దుప్పటి అంచు సర్దింది. తిట్టినా బాగుండునని ఎదురుచూశాను. ఏం చేసినా ఓర్చుకునేదాన్ని.

"నీ బిడ్డను నువ్వు పోగొట్టుకుంటాంటివి, అది నీ కర్మ" అంది చివరికి, గొంతు పెంచకుండా. "నన్ను పదకొండు నెలలు ఇంట్లో కూచోబెట్టినావ్ కదమ్మా. నా ముక్కు చచ్చిపోయిందనుకుంటి. మూడో సందులో చివరింట్లో చంటిబిడ్డ ఉండాది. పోయిన చలికాలం రోడ్డు మింద పోతాంటే దగ్గు ఇనపడె నాకు. వాసన కూడా తగిలె. నీకేం తెలుసులే ముసల్దానా అని నన్ను నేనే తిట్టుకోని, తలకాయ వంచుకోని వచ్చేస్తి."

"ఇప్పుడెట్లుంది ఆ బిడ్డ?" అన్నాను.

"ఏమో. దగ్గు మళ్లా ఇనపళ్లేదు. తగ్గిందో, ఏమో. ఇప్పుడు పోతాండా."

గొడుగు తీసుకుని లేచింది. పోతూ పోతూ పాప మంచాన్ని గోడకు దూరంగా లాగింది. వార్డులో అందరూ తిరిగి చూశారు.

తర్వాత ఎనిమిదేళ్లు ఒకే వీధిలో ఉన్నాం. ఆమె మళ్లీ మా ఇంటికి వచ్చింది. నన్ను వేళాకోళం చేసింది, నా వంటింట్లో డబ్బాలన్నీ కిందకు దించింది, నాకు విసుగు పుట్టించింది, పాపకు పుట్టినరోజుకు బైబిలు బొమ్మల పుస్తకం తెచ్చింది. మూడో సందు మాట మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. మా బడికి దగ్గర దారి ఆ సందులోంచే. ఎనిమిదేళ్లుగా నేను చుట్టు తిరిగి పోతున్నాను.